పెన్సిలుతో పొడిగించిన తేదీ

నా గదిలోకి వచ్చే ప్రతి గేజీ అబద్ధమాడుతోందనే అనుకుని పని మొదలుపెడతాను. అది నా ఉద్యోగం. బాయిలర్ల మీద, గ్యాసు గొట్టాల మీద, పంపుల మీద గడియారంలా గుండ్రంగా ఉండి, లోపల ఒత్తిడి ఎంతుందో సూదితో చూపించేవే గేజీలు. ఏడాదికోసారి అవి నా బల్ల మీదికి రావాలి. నా దగ్గర మాస్టర్ గేజీలు, అంటే తప్పు చెప్పవని నమ్మే గేజీలు, ఉంటాయి. వాటిలో ఒకదాన్నీ వచ్చినదాన్నీ ఒకే గొట్టానికి బిగించి, ఒకే గాలి ఎక్కించి, రెండూ ఒకే అంకె చెబుతున్నాయో లేదో చూస్తాను. చెప్పకపోతే సూది ఊడదీసి సరిచేస్తాను. తర్వాత ఆకుపచ్చ స్టిక్కరు అంటించి, మళ్లీ ఎప్పుడు తీసుకురావాలో దాని మీద సిరాతో తేదీ రాస్తాను.

ఆ గది తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. గాలి కదిలినా, వేడి మారినా, పక్కన ఎవరైనా దబదబా నడిచినా సూది వణుకుతుంది కాబట్టి నా గదిలోకి ఎవరూ రాకూడదని నేనే బోర్డు పెట్టించాను. పదకొండేళ్లుగా ఒంటికాయ శొంఠికొమ్ములా అందులోనే కూర్చున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు గేజీ ఇచ్చేటప్పుడు ఒకసారి, తీసుకునేటప్పుడు ఒకసారి కిటికీలోంచి మాట్లాడతారు. నా వెనకాల నన్ను సూదమ్మ అంటారని తెలుసు. ముక్కు మీద కోపమని కూడా అంటారు. గేజీని జేబులో వేసుకుని, గుడ్డలో చుట్టకుండా తెచ్చేవాళ్లని చూస్తే కోపం రాక ఏమొస్తుంది?

ముప్పై ఎనిమిదేళ్లకి నేను నెల తప్పాను. మా ఆయన సరుకు ఓడలో ఎలక్ట్రీషియన్. తొమ్మిది నెలలు నీళ్ల మీద ఉంటే రెండు నెలలు ఇంట్లో ఉంటాడు. లెక్క వేసుకుంటే నా నెలలు నిండిన ఐదు వారాలకి గానీ ఆయన ఓడ దిగడు. ఆదివారాలు ఓడ ఫోన్లోంచి మూడు నిమిషాలు మాట్లాడతాడు. అందులో ఒక నిమిషం, వినిపిస్తోందా అంటే వినిపిస్తోందా అనుకోవడానికే సరిపోతుంది. మిగిలిన రెండు నిమిషాల్లో నేను బాగున్నానని చెప్పేదాన్ని. నాకు అమ్మా నాన్నా లేరు, అత్తగారూ లేరు. ఉన్న ఒక్క ఆడపడుచు ఎక్కడో దూరాన తన ముగ్గురు పిల్లలతో తల ప్రాణం తోకకొచ్చి ఉంది.

ఏడో నెలలో బీపీ పెరిగిందని ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచేశారు. కడుపుతో ఉన్నప్పుడు వచ్చే బీపీని తేలిగ్గా తీసుకోకూడదనీ, బిడ్డకే కాదు నా గుండెకీ అది బరువేననీ డాక్టరమ్మ చెప్పింది. నేను తల ఊపాను. నిజం చెప్పాలంటే ఆ రెండు రోజుల్లో నాకు గుర్తుండిపోయింది బీపీ కాదు, సాయంత్రం నాలుగు గంటలు. నాలుగుకి వార్డు తలుపులు తెరుస్తారు. బిలబిలమంటూ జనం వచ్చేస్తారు. ప్రతి మంచం చుట్టూ మొగుడో, తల్లో, చెల్లెలో, వదినో కూర్చుని దువ్వెనలు, దుప్పట్లు, పేపర్లు, కబుర్లు సంచుల్లోంచి తీస్తుంటారు. నా మంచం పక్కన కుర్చీ ఖాళీ. రెండో రోజు పక్క మంచం అమ్మాయి వాళ్లమ్మ, "మీవాళ్లు ఎవరూ రాలేదా తల్లీ, ఈ కుర్చీ మేం తీసుకోవచ్చా?" అని అడిగింది. తీసుకోమన్నాను. గోడ వైపు తిరిగి ఆరు గంటలదాకా నిద్ర నటించాను. చావనైనా చస్తాను గానీ ఇక్కడికి మళ్లీ రాననుకున్నాను. మనిషి ఎంత వెర్రిదైతే అలా అనుకుంటుందో చూడండి.

ఇంటికి పంపేటప్పుడు పూటకో మాత్ర, ఒక బీపీ యంత్రం ఇచ్చారు. పొద్దున, సాయంత్రం చూసుకుని రాసుకోవాలి. మంగళవారం, శుక్రవారం పది గంటలకి నర్సమ్మ ఫోన్ చేస్తే అంకెలు చెప్పాలి. పైది నూట నలభై, కిందది తొంభై దాటితే మందు మార్చాలి, మళ్లీ చేర్చుకోవాలి. నూట అరవై, నూట పది దాటితే ఒక్క క్షణం ఆగకుండా వచ్చేయాలి. యంత్రం పెట్టె మీద ఈ గీతలన్నీ ఎర్రసిరాతో రాసిచ్చారు.

ఆ నర్సమ్మని నేను చూడలేదు. ఫోన్లో గొంతే తెలుసు. కాస్త బొంగురు గొంతు, తొందర లేని మాట. అంకెలు చెప్పించుకున్నాక తలనొప్పుందా, కళ్ల ముందు మెరుపులొస్తున్నాయా అని అడిగేది. లేవనేదాన్ని. వారానికి రెండుసార్లు, నాలుగేసి నిమిషాలు. నన్ను గురించి ఒకరు అడగడం, నేను జవాబు చెప్పడం వారం మొత్తంలో అంతే. పది అయ్యే సరికి గదిలో పని ఆపేసి ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చునేదాన్ని. మా మేనేజరు తలుపు తట్టినా తీసేదాన్ని కాదు.

ఎనిమిదో నెల మొదట్లో యంత్రం నూట నలభై ఎనిమిది, తొంభై నాలుగు చూపించింది. పది నిమిషాలు ఆగి మళ్లీ చూశాను. అదే. ఆ సాయంత్రం అదే, మర్నాడు పొద్దున కూడా అదే. నాలుగు గంటల వార్డు కళ్ల ముందు కనిపించింది. ఇంకెవరైనా అయితే ఏడ్చో, తిట్టుకునో ఫోన్ చేసేవాళ్లు. నేను యంత్రాన్ని సంచిలో పెట్టుకుని నా బల్ల దగ్గరికి తీసుకుపోయాను.

చేతికి చుట్టే పట్టీని ఒక డబ్బాకి చుట్టాను. గొట్టాన్ని మధ్యలో విడదీసి, మూడు దారుల ముక్క బిగించి, ఒక దారిలో చిన్న మాస్టర్ గేజీ పెట్టాను. నా దగ్గర మాస్టర్లు రెండు, పెద్ద ఒత్తిళ్లకి పెద్దది, చిన్న ఒత్తిళ్లకి చిన్నది. గాలి ఎక్కించి, మెల్లగా దిగనిస్తూ రెండిట్నీ చూశాను. యంత్రం నూట యాభై అన్నప్పుడు మాస్టరు నూట నలభై ఒకటి అంది. యంత్రం వంద అన్నప్పుడు మాస్టరు తొంభై నాలుగంది. ఆరుసార్లు చేశాను. ఆరుసార్లూ అంతే. యంత్రం ఎక్కువ చూపిస్తోందన్నమాట. నాకు ఎంత హాయిగా ఊపిరి ఆడిందో చెప్పలేను. చిన్న చీటీ మీద 'పైదానికి తొమ్మిది తగ్గించాలి, కిందదానికి ఆరు' అని రాసి యంత్రం వెనక అంటించాను. గేజీలకి మేము అలాగే చేస్తాం.

శుక్రవారం నర్సమ్మకి నూట ముప్పై తొమ్మిది, ఎనభై ఎనిమిది అని చెప్పాను. బాగుందంది. అబద్ధం చెబుతున్నానన్న ఆలోచన నాకు రవ్వంత కూడా రాలేదు. యంత్రం చెప్పే అబద్ధాన్ని సరిచేస్తున్నాననే అనుకున్నాను. తర్వాతి వారం నూట యాభై చూపిస్తే నూట నలభై ఒకటి కావాలి కదా, దాన్ని చెయ్యి బల్ల మీద సరిగ్గా పెట్టలేదని పక్కన పడేసి ఇంకోసారి చూసుకున్నాను, ఒకటి తగ్గింది. ఆ మధ్య ఒక్కసారి ఆసుపత్రిలో చూపించుకోవడానికి వెళితే అక్కడ నూట యాభై రెండు వచ్చింది. మెట్లెక్కి వచ్చాననీ, ఇంట్లో బాగానే ఉంటోందనీ నా పుస్తకం చూపించాను. ఆసుపత్రికొస్తే చాలామందికి పెరుగుతుందిలెమ్మని, ఇంటి అంకెలనే నమ్మారు. అంత పద్ధతిగా, రెండు పూటలా, గీతలు కొట్టి రాసిన పుస్తకాన్ని ఎవరు నమ్మరు?

ఒంట్లో సంగతులు మాత్రం వేరుగా ఉన్నాయి. ఉంగరం వేలికి బిగిసిపోయింది. చెప్పులు పట్టక మా ఆయన చెప్పులు వేసుకుని పనికి వెళ్లేదాన్ని. ఇల్లు రెండో అంతస్తు. మొదటి మలుపు దగ్గర ఆగి, తాళం చెవి వెతుక్కుంటున్నట్టు సంచిలో చెయ్యి పెట్టి నిలబడేదాన్ని, ఎవరైనా చూస్తే బాగుండదని. పడుకుంటే ఊపిరి అందేది కాదు. దిండు మీద దిండు వేశాను. తర్వాత మూడోది, మా ఆయన దిండు. కడుపు పెద్దదైతే అందరికీ అంతే అనుకున్నాను. అడగడానికి ఎవరున్నారు గనక? ఆదివారం ఫోన్లో ఆయన ఎలా ఉన్నావంటే, నీ దిండు కూడా నేనే వాడేసుకుంటున్నానని చెప్పాను. ఆయన నవ్వాడు. ఆయనకి ముద్దుగా అనిపించి ఉంటుంది.

మూడో వారం బుధవారం పొద్దున్నే ఆవిరి బాబాయి వచ్చాడు. పెద్ద లాండ్రీలో చిన్న బాయిలర్ నడిపే మనిషి. రిటైరయ్యే వయసు దాటినా ఆయన లేకపోతే ఆ బాయిలర్ మొరాయిస్తుందని ఉంచుకున్నారు. నాకు ఏమీ కాడు, ఊరందరికీ బాబాయే. గేజీని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు తువ్వాలులో చుట్టి తెచ్చేది ఆయనొక్కడే కాబట్టి, నా నోటి నుంచి తిట్లు తినకుండా వెళ్లేదీ ఆయనొక్కడే. ఆ రోజు మాత్రం తిన్నాడు. కిటికీలోంచి గేజీ లోపలికి జరిపి, నెల కిందట నేను సరిచేసి ఇచ్చిన ఈ గేజీ తక్కువ చూపిస్తోందన్నాడు. సూది ఎర్రగీతకి చేరకముందే సేఫ్టీ వాల్వు లేచి ఆవిరి వదిలేస్తోందట.

నాకు ఒళ్లు మండింది. నా స్టిక్కరు ఉన్న గేజీని తప్పంటాడా? వాల్వు స్ప్రింగు మెత్తబడి ఉంటుంది, ముందు అది చూసుకోమన్నాను. నీ బాయిలర్‌కీ నీకూ వయసైపోయిందన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. మధ్యలో ఊపిరి అందక రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆయన అడ్డు తగలకుండా అంతా విన్నాడు.

"కొత్త వాల్వు వేసి చూశానమ్మాయ్. అదీ అక్కడే లేస్తోంది. పాత గేజీ వెతికి బిగించాను. వాల్వూ అదీ ఒకే మాట చెబుతున్నాయి. నీదొక్కటే వేరే మాట చెబుతోంది" అన్నాడు.

గేజీని చేతిలోకి తీసుకున్నాను. ఆ గేజీ తనంతట తాను తక్కువ చూపించదు. నేనే దాని సూది తీసి, చిన్న మాస్టర్ చెప్పిన చోట పెట్టాను. అది తక్కువ చూపిస్తోందంటే మాస్టరే తక్కువ చూపిస్తోంది. బల్ల చివరున్న మాస్టర్ గేజీని తిప్పి వెనక చూశాను. దానికీ స్టిక్కరుంటుంది. ఏడాదికోసారి దాన్ని పెద్ద ల్యాబుకి తీసుకెళ్లి చూపించాలి. పార్సిల్లో పంపితే కుదుపులకి పాడవుతుంది కాబట్టి ఒళ్లో పెట్టుకుని నేనే రైల్లో తీసుకెళ్లాలి. ఆ తేదీ నాలుగు నెలల కిందటే అయిపోయింది. అప్పుడు నాకు వాంతులు. ఏడు గంటల ప్రయాణం ఎవరు చేస్తారని, తేదీ కింద పెన్సిలుతో 'రెండు నెలలు పొడిగింపు' అని రాసుకున్నాను. దాని కింద ఇంకో 'రెండు నెలలు'. అందరికీ సిరా, నాకు మాత్రం పెన్సిలు. అడిగేవాళ్లు లేరు. అందరి గేజీలూ నేను చూస్తాను, నాది చూసేవాళ్లు ఎవరు?

నూట యాభైకి తొమ్మిది తక్కువ. యంత్రం నిజమే చెబుతోంది. మూడు వారాలుగా ఆ నిజంలోంచి పూటపూటా తొమ్మిది కోసి పారేస్తున్నది నేను. నాకు కావలసిన జవాబు ముందే గుప్పిట్లో పెట్టుకుని పరీక్ష చేశాను. అదే యంత్రం తక్కువ చూపించి ఉంటే దాన్ని బల్ల దాకా తెచ్చేదాన్నా? ఛీ, నా బతుకు.

సంచిలోంచి యంత్రం తీసి చేతికి చుట్టుకున్నాను. నూట అరవై ఆరు, నూట ఎనిమిది. ఈసారి ఏమీ తీసేయలేదు. నర్సమ్మ నంబరుకి ఫోన్ చేశాను. ఆ రోజు మంగళవారం కాదు, శుక్రవారమూ కాదు. అంకెలు చెప్పాను. నిన్ననే కదా నూట ముప్పై తొమ్మిదన్నారు అంది. నేను నీళ్లు నమల్లేదు. చీటీ సంగతి, మాస్టర్ సంగతి, తొమ్మిది తగ్గించిన సంగతి అంతా చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"సరే, అంకెలు పక్కన పెట్టండి. రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుని పడుకుంటున్నారు?"

"మూడు. మొన్నటి నుంచి... కుర్చీలో."

"మీ దగ్గర ఎవరున్నారు?"

ఎవరూ లేరని చెప్పబోయి తలెత్తాను. కిటికీ అవతల ఆవిరి బాబాయి తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. కదిలి వెళ్లలేదు. నేను చెప్పకముందే ఆయన కిటికీ వదిలి, బోర్డు పెట్టిన తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు. పదకొండేళ్లలో ఆ తలుపు అలా తోసిన మొదటి మనిషి.

లాండ్రీ వ్యానులో, ఉతికిన దుప్పట్ల మూటల మధ్య నన్ను కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పడుకోమంటే పడుకోలేనన్నాను. మూటలు వీపు వెనక పేర్చి, వ్యాను మెల్లగా నడిపాడు. దారిలో నాకు ఒకటే భయం, కడుపులో బిడ్డ కదులుతోందా లేదా అని. చెయ్యి వేసి చూసుకున్నాను. ఒకసారి తన్నింది. మళ్లీ తన్నమని బతిమాలాను, ఎవరూ వినకుండా.

ఆసుపత్రిలో వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. గుండెకి స్కానింగు చేస్తూ డాక్టరమ్మ తెర నా వైపు తిప్పి చూపించింది. గుండె గట్టిగానే కొట్టుకుంటోంది, కానీ ఇన్నాళ్లూ అంత ఒత్తిడికి ఎదురు నెట్టి నెట్టి గోడ మందమైపోయింది, కొట్టుకున్నాక వదులు కావడం సరిగా లేదు, అందుకే నీరు వెనక్కి తన్నుతోందని చెప్పింది. నేను తెర వంక చూస్తూ కూర్చున్నాను. అక్కడున్న యంత్రాలన్నీ నాకు అర్థమవుతాయి గానీ, అది నా గుండె అంటే నమ్మబుద్ధి కాలేదు. ఇంకో రెండు రోజులు కుర్చీలో కూర్చుని ఉంటే ఏమయ్యేదని అడిగాను. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. అది నేను ఇక్కడ రాయను.

నీరు లాగేయడానికి ఒక ఇంజెక్షను, బీపీ దించడానికి ఒకటి, ఫిట్స్ రాకుండా ఇంకొక మందు. ఆ మూడోది ఎక్కుతుంటే ఒళ్లంతా పొయ్యి ముందు కూర్చున్నట్టు సెగ. తాగే నీళ్లు కూడా గ్లాసులో కొలిచి ఇచ్చారు. కాస్త మాట వచ్చేసరికి మా మేనేజరుకి ఫోన్ చేయించుకున్నాను. నాలుగు నెలల్లో చిన్న మాస్టర్ మీద చూసిన గేజీలు నలభై ఒకటి, వాటి యజమానులందరికీ కబురు పెట్టి వాడకం ఆపించమన్నాను. ఇప్పుడా అన్నాడాయన. ఇప్పుడే అన్నాను. తప్పు నాదేనని కూడా చెప్పమన్నాను. నర్సు నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

మర్నాడు పొద్దున ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. రెండు కిలోలకి కాస్త తక్కువ. వెచ్చటి పెట్టెలో పెట్టారు. ఏడుపు మాత్రం గట్టిగానే ఏడ్చింది, నా కోపమే వచ్చినట్టుంది. బిడ్డ బయటికొచ్చేసింది కాబట్టి ఇక బీపీ గొడవ వదిలిందనుకున్నాను. కాదన్నారు. మొదటి వారంలోనే మళ్లీ ఎగబాకుతుంది, అప్పుడే గుండెని కాపలా కాయాలన్నారు. చెప్పినట్టే నాలుగో రోజు ఎగబాకింది. మళ్లీ మందులు, మళ్లీ కొలిచిన నీళ్లు.

నాలుగు గంటలు మాత్రం మానలేదు. రోజూ వచ్చాయి. తలుపులు తెరిచేవారు, బిలబిలా జనం వచ్చేవారు, నా కుర్చీ ఖాళీగా ఉండేది. ఈసారి గోడ వైపు తిరగలేదు, వీపు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టారు కాబట్టి తిరగడానికీ కుదర్లేదు. చూస్తూ కూర్చున్నాను. ఏడ్చాను కూడా. ఐదో రోజు ఆవిరి బాబాయి పని బట్టలతోనే వచ్చి, కుర్చీ అంచున కూర్చున్నాడు. నా ప్రెషర్ ఎంతని అడిగాడు. చెప్పాను. బిడ్డ పుట్టాక కూడా తగ్గదా అన్నాడు. తగ్గడానికి టైం పడుతుందట అన్నాను.

"అంతేలేమ్మా. మంట ఆపేసినా మా బాయిలర్ ఒక పూటదాకా చల్లారదు. అప్పుడే వదిలేసి ఇంటికి పోకూడదు" అన్నాడు. కొత్త వాల్వు చక్కగా ఉందని కూడా చెప్పి, ఆరు కాకముందే వెళ్లిపోయాడు. లాండ్రీలో షిఫ్టు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ కాగితం మీద తేదీలు రాసిచ్చింది. ఆరు వారాలకి ఒక స్కానింగు, ఆరు నెలలకి ఒకటి, ఆ తర్వాత ఏడాదికోసారి బీపీ, గుండె చూపించుకోవాలి. ఎన్నేళ్లని అడిగాను. ఉన్నన్నాళ్లూ అంది. బీపీ మామూలైపోయినా సరే, ఒకసారి ఇలా అయిన గుండెకి ముందు ముందు ముప్పు ఎక్కువ, బాగున్నాను కదా అని మానేసేవాళ్లే ఎక్కువమంది అంది. ఇంటికొచ్చాక నా సంచిలోంచి ఒక ఆకుపచ్చ స్టిక్కరు తీసి, ఆ తేదీలు రాసి బీరువా తలుపు లోపల అంటించాను.

నర్సమ్మ ఫోన్లు ఆగిపోయాయి. ఫైలు మూసేశారు. మంగళవారం పది గంటలకి చాలా రోజులు ఫోన్ వంక చూశాను. మా ఆయన వచ్చాడు, రెండు నెలలూ పాపని చేతుల్లోంచి దించలేదు, నా మందుల టైం గోడ మీద రాసి మరీ వేయించాడు, మళ్లీ ఓడెక్కాడు. ఆరు వారాల స్కానింగులో గోడ మందం కొంచెం తగ్గిందన్నారు, పూర్తిగా తగ్గలేదు. మా మేనేజరే రైల్లో తీసుకెళ్లిన మాస్టర్ గేజీ ల్యాబు నుంచి నూటికి ఆరు తక్కువ చూపిస్తోందన్న కాగితంతో తిరిగొచ్చింది. నలభై ఒక్క గేజీలు మళ్లీ చూశాను. ప్రతి మనిషికీ కిటికీలోంచి తప్పు నాదని చెప్పాను. ఒక్కరు తిట్టారు, మిగిలినవాళ్లు పాప ఎలా ఉందన్నారు.

ఆరు నెలల తేదీ బుధవారం పడింది. ముందు రోజు, మంగళవారం, పాపకి జలుబు. చూసుకునే ఆయమ్మ రానంది. బల్ల మీద పన్నెండు గేజీలు మిగిలిపోయాయి. యంత్రం నూట ఇరవై నాలుగు, డెబ్బై ఎనిమిది చూపిస్తోంది. రాత్రిళ్లు ఒక్క దిండు మీద హాయిగా నిద్రపోతున్నాను. స్కానింగు బల్ల మీద నేను పడుకుంటే పాపని ఎవరెత్తుకుంటారు? బీరువా తలుపు తీశాను. చేతిలో పెన్సిలుంది. తేదీ కింద 'ఒక నెల' అని రాశాను.

రాసి, చూశాను. అదే చేతిరాత. మాస్టర్ గేజీ వెనక ఉన్నదీ ఇదే. గడియారం చూస్తే పది కావస్తోంది. ఫోన్ తీసి నర్సమ్మ నంబరు నొక్కాను. రేపు గుండె స్కానింగుకి రావాలనీ, ఇంట్లో ఇంకెవరూ లేరనీ, ఆరు నెలల పాపని లోపలికి తీసుకురానిస్తారా లేదా అనీ, జలుబుంది కానీ జ్వరం లేదనీ, లేదంటే ఇంకోరోజు ఇప్పించమనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

"ఎవరండీ మాట్లాడేది?"

"నేనేనండీ, గేజీల ఆవిణ్ణి. యంత్రానికి తొమ్మిది తగ్గించానే, నేనే."



"మీరా... గొంతు గుర్తుపట్టలేదమ్మా. ఏడు వారాలు విన్నాను మిమ్మల్ని. రెండు మాటలు చెప్పి ఆగేవారు, మళ్లీ రెండు మాటలు చెప్పి ఆగేవారు. మొదటి రోజు నుంచీ అంతే కదా, అది మీ తీరేమో అనుకున్నాను. మీరు అంకె తగ్గించి చెప్పారు. నేను విని కూడా పట్టుకోలేకపోయాను. ఆ బుధవారం నుంచి ఎవరికి ఫోన్ చేసినా ముందు దిండ్లే అడుగుతున్నాను."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఏడు వారాలూ నా గొంతు అలా ఉందని నాకే తెలియదు. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే, అదేంటే అలా ఆగుతున్నావు అని మొదటి రోజే అడిగి ఉండేవాళ్లు.

"రేపు పదింటికి రండి. పాపని నేనెత్తుకుంటాను. మాట్లాడుతూ ఉండండి, ఇంకేం చెబుతారో చెప్పండి, నాకు రెండు నిమిషాలు తీరికే" అంది నర్సమ్మ.

పాప గట్టిగా ఏడుస్తుందనీ, కొత్తవాళ్ల ముక్కు పట్టుకుని లాగుతుందనీ చెప్పాను. నాలాగే కోపమని చెప్పాను. రెండు నిమిషాలు కాదు, పది నిమిషాలు మాట్లాడాను, ఎక్కడా ఆగలేదు. ఫోన్ పెట్టేశాక రబ్బరు వెతికి బీరువా తలుపు మీది పెన్సిలు రాత చెరిపేశాను. తర్వాత పాప ఊలు టోపీ ఎక్కడ పెట్టానో చూడడానికి లేచాను.